దిబ్బ మీద చేప బాగా పడుతుంటే, చేప పెరిగినట్టేనా?

మీరు అడిగింది ముందు రెండు మాటల్లో చెప్పుకుందాం. కావలి వైపు మీ ఊరి ముందు, 8 బారల లోతులో చేప చేరడానికి కృత్రిమ దిబ్బగా సిమెంటు దిమ్మెలు దించి రెండేళ్ళు దాటింది. గాలాలు వేసేవాళ్ళు చేప పెరిగిందంటున్నారు. వలలవాళ్ళేమో చుట్టుపక్కల తిరిగే చేపంతా అక్కడ పోగైంది, మా వలల్లో తగ్గింది అంటున్నారు. మీరు ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదువుకున్నారు కాబట్టి ఎవరిది నిజమో తేల్చమని ఊరు మీ మీద పెట్టింది. నీళ్ళలో దించే కెమెరా ఏది కొనాలి, ఎన్నిసార్లు దించాలి అన్నది మీ ప్రశ్న.

కెమెరా కొనండి, వద్దనను. కానీ మీకు కావలసిన జవాబులో మూడొంతులు ఒడ్డు మీదే దొరుకుతుంది. ఈ కొలతల పనిలో ముప్పై ఏళ్ళు ఉన్నాను. సగం కాలం మన్నార్ సింధుశాఖలో పగడపు దిబ్బల మీద, మిగతా సగం మన తీరంలో. అక్కడ నేర్చుకున్న పద్ధతి ఇక్కడ పనికిరాదని తెలుసుకోవడానికే నాకు నాలుగేళ్ళు పట్టింది.

ముందు అసలు చిక్కు ఎక్కడుందో చూడండి. ఎండాకాలం చెరువు ఎండిపోతున్నప్పుడు నీళ్ళు తగ్గేకొద్దీ చేపలన్నీ తూము దగ్గరి గుంటలోకి చేరతాయి. ఆ గుంటలో వల విసిరితే లాగలేనంత పడతాయి. ఆ రోజు పడిన చేప చూసి ‘చెరువు నిండా చేపలే’ అని రాసుకున్నవాడు ఎంత తప్పుతాడో, దిబ్బ మీద గాలానికి పడిన చేప చూసి సముద్రం గురించి చెప్పేవాడూ అంతే తప్పుతాడు. దిబ్బ అంటేనే చేప చేరే చోటు. సముద్రంలో చేప సగానికి తగ్గినా, మిగిలిన సగం అక్కడికే చేరుతుంది కాబట్టి గాలం ఖాళీగా రాదు. ట్రిప్పుకు ఇన్ని కిలోలు అన్న లెక్క చివరిదాకా బాగానే కనిపించి, ఒక్కసారిగా కూలుతుంది. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ చేప విషయంలో జరిగినదాంట్లో ఇదీ ఒక భాగం. చేప తగ్గేకొద్దీ మిగిలింది ఒకచోట గుమిగూడింది, ట్రాలర్లకు ఎప్పటిలాగే పడుతూ వచ్చింది, చివరికి 1992లో వేటే మూసేయాల్సి వచ్చింది.

అందుకని గాలాలవాళ్ళు ‘బాగా పడతా ఉంది’ అంటే అది నిజమే, కానీ దాంతో ఏమీ తేలదు. వలలవాళ్ళ మాట కూడా సగం నిజం. పోగవడమా, పెరగడమా అన్న తగాదా మీ ఊరిది మాత్రమే అనుకోకండి, కృత్రిమ దిబ్బలు దించిన చాలా దేశాల్లో శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా దీని మీదే వాదించుకుంటున్నారు. నా మటుకు నేను తేల్చుకున్నది ఇది: చేప అని మొత్తంగా అడిగితే జవాబు రాదు, ఏ చేప అని అడగాలి. పారలు, వంజరం లాంటివి తిరిగే చేపలు. దిబ్బ దగ్గర చిన్న చేప దొరుకుతుందని వచ్చి, మేసి, పోతాయి. వీటి విషయంలో వలలవాళ్ళదే గెలుపు, అది చాలావరకు పోగవడమే. గ్రూపర్ల కథ వేరు. వాటికి దాక్కునే బొరియ కావాలి. మన తీరంలో అడుగంతా ఇసుక, బురద. పగడాలు లేవు, రాయి అక్కడక్కడా తప్ప లేదు. బొరియ దొరక్క చచ్చిపోయే పిల్లకు బొరియ దొరికితే అది పెరిగిన చేపే. అలాగే కటిల్‌ఫిష్ గుడ్లు అంటించడానికి గట్టిగా నిలబడినది ఏదో ఒకటి వెతుక్కుంటుంది. ఇసుకలో అది ఎక్కడ దొరుకుతుంది? దిమ్మె మీద దొరుకుతుంది.

కాబట్టి మొదటి పని, ఊళ్ళో కూర్చుని నాలుగైదు చేపలు ఎంచుకోవడం. అన్నీ కొలుస్తానని దిగితే ఏదీ కొలవలేరు. ఒక గ్రూపర్, ఒక ఎర్ర స్నాపర్, ఒక పార, ఒక గులివింద (గోట్‌ఫిష్), ఇంకా మీ ఊళ్ళో ఎక్కువ డబ్బు తెచ్చేది ఒకటి. చాలు.

ఇక నీళ్ళలో లెక్క. పుస్తకాల్లో ఉండే పద్ధతి మీరు చదివే ఉంటారు. 50 మీటర్ల టేపు పరిచి, దాని వెంట ఈదుతూ 5 మీటర్ల వెడల్పులో కనబడిన చేపల్ని జాతి, పొడవు వారీగా పలక మీద రాసుకోవడం. 250 చదరపు మీటర్లలో 10 చేపలు కనబడితే హెక్టారుకు 400. లెక్క ఇంత తేలిక కాబట్టే అందరూ దీని మీద పడతారు. మన దగ్గర పెన్నా, మన్నేరు, ముసి, గుండ్లకమ్మ తెచ్చే బురదతో నీళ్ళలో చాలా రోజులు రెండు మీటర్లు కూడా కనబడదు. రెండు మీటర్ల చూపుతో 5 మీటర్ల పట్టీ లెక్కపెట్టామంటే, కనబడనిదాన్ని లేదని రాసినట్టే. అట్లాంటి రోజు పట్టీని 2 మీటర్లకు కుదించాలి, లేదా తిరిగి రావాలి. ఎంత దూరం కనబడిందన్నది చేపల లెక్క పక్కనే ప్రతిసారీ రాయాలి. అది రాయని షీటును నేను చూడను కూడా చూడను.

తేటనీళ్ళలోనూ ఇది తేలికేం కాదు. మన్నార్ వైపు ఒకసారి ఇద్దరం ఒకే టేపు వెంట పక్కపక్కన ఈదాం. పైకొచ్చి చూసుకుంటే పారలు నా పలక మీద 40, ఆయన పలక మీద 130. ఎవరం అబద్ధం రాయలేదు. మంద మా చుట్టూ తిరిగింది. నేను ఒక్కసారే రాశాను, ఆయన అది తిరిగొచ్చిన ప్రతిసారీ రాశాడు. పొడవు సంగతి ఇంకా అన్యాయం. మాస్కులోంచి చూస్తే నీళ్ళలో ఏదైనా దాదాపు మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది. 30 సెంటీమీటర్ల చేప 40 అనిపిస్తుంది. పీవీసీ పైపును రకరకాల పొడవులకు కోసి, తాడుకు కట్టి నీళ్ళలో వేలాడదీసి, పదేపదే అంచనా వేసి కన్నుకు అలవాటు చేసుకుంటేగానీ ఈ తప్పు పోదు. పైగా మీ దిమ్మెల మీద తెగిన నరం (సన్నటి నైలాన్) వలలు చిక్కుకుని ఉంటాయి. శిక్షణ లేకుండా, తోడు లేకుండా దిగకండి. ఈ మాట రెండోసారి చెప్పను.

అందుకే మన నీళ్ళకు కెమెరా మేలు. ఇనుప చట్రం, దాని మీద కెమెరా, ముందు ఒక కర్ర చివర జాలీ సంచిలో ఎరగా చితక్కొట్టిన కవళ్ళు (సార్డిన్ చేపలు). దించి గంటసేపు ఉంచాలి. తర్వాత వీడియో చూస్తూ, ఒక జాతివి ఒకే ఫ్రేములో అన్నిటికన్నా ఎక్కువ ఎన్ని కనబడ్డాయో ఆ అంకె ఒక్కటే రాసుకోవాలి. గంటలో 60 సార్లు గ్రూపర్ కనబడినా, ఒకేసారి రెండుకు మించి కనబడకపోతే మీ అంకె 2. ఒకే చేప 60 సార్లు వచ్చి ఉండొచ్చు కదా. ఇది ఉన్నదానికన్నా తక్కువే చెబుతుంది. ఫర్వాలేదు, ఏటా ఒకే తీరుగా తక్కువ చెప్పినంతకాలం పోల్చుకోవచ్చు. రెండు కెమెరాలు పక్కపక్కన పెడితే పొడవు కూడా వస్తుంది కానీ ఖర్చు, పని రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. మొదటి ఏడాది ఒకటి చాలు.

ఎర వాసన ప్రవాహం వెంట పోతుంది. దగ్గరదగ్గరగా రెండు చట్రాలు ఒకేసారి దించితే ఒకే చేప రెండింటి దగ్గరా అతిథే. కనీసం 250 మీటర్లు ఎడం ఉండాలి. మీ దిబ్బ అంత ఉండదు కాబట్టి రోజుకు ఒక్కసారే దించండి. పోటుకు దించితే ఎప్పుడూ పోటుకే, పాటుకు దించితే ఎప్పుడూ పాటుకే. నా అనుభవంలో శివరాత్రి నుంచి ఉగాది దాటేదాకా నీళ్ళు కాస్త తేటపడే రోజులు ఎక్కువ దొరుకుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, వాయుగుండాలు, పెన్నా నుంచి ఎర్రనీళ్ళు, అప్పుడు కెమెరా తీసుకెళ్ళడం దండగ.

దిబ్బ మీద ఎన్నిసార్లు దించితే అన్నిసార్లు బయట కూడా దించాలి. ఇది వదిలేస్తే మొత్తం వదిలేసినట్టే. దిబ్బకు అర కిలోమీటరు అవతల ఉత్త ఇసుక మీద, వీలైతే మీ పెద్దవాళ్ళకు తెలిసిన సహజ రాతి చోటు మీద. వలలవాళ్ళ ఫిర్యాదుకు జవాబు అక్కడే ఉంటుంది. దిబ్బ మీద పెరిగి, బయట తగ్గకపోతే ఒక కథ. ఇక్కడ పెరిగినంతా అక్కడ తగ్గితే ఇంకో కథ. దిమ్మెలు దించకముందు లెక్క లేదు కదా అని మీరు బాధపడ్డారు. ఒకచోట ఉండొచ్చు. చేప కొనే వ్యాపారి పాత చిట్టాలు. ఏ రోజు ఏ బోటు దగ్గర ఏ చేప ఎంతకు కొన్నాడో వాటిలో ఉంటుంది. అప్పుల లెక్కలు కూడా ఉంటాయి కాబట్టి చూపించడానికి ఇష్టపడడు. ఊరి పెద్దను వెంటబెట్టుకుని వెళ్ళండి.

రాతి చోట్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. పెద్దవాళ్ళు గుడి గోపురాన్ని, సర్వి తోట చివరను ఒక వరసకు తెచ్చి, ఇంకో పక్క దీపస్తంభాన్ని చూసి చోటు పట్టుకుంటారు. ఆ గుర్తులు వాళ్ళ ఆస్తి. మీకు చూపిస్తే మీ జీపీఎస్‌లో ఉంచుకోండి, రిపోర్టులో పెట్టకండి, వాట్సాప్‌లో అసలే పెట్టకండి. నెల తిరక్కుండా బయటి స్పీడు బోట్లు అక్కడ లంగరేస్తాయి.

ఇప్పుడు కెమెరాతో వచ్చే చిక్కు చూడండి. ఉత్త ఉదాహరణే అనుకోండి. ఈ ఏడాది 6 సార్లు దించారు, గ్రూపర్లు 0, 0, 1, 5, 0, 2. సగటు 1.33. వచ్చే ఏడాది 1, 0, 0, 3, 1, 1. సగటు 1. పావు వంతు తగ్గిందని ఊళ్ళో చెబుతారా? మొదటి ఏడాది ఆ 5 వచ్చిన రోజున ఎర కాస్త తాజాగా ఉండి ఉంటే చాలు, ఆ తేడా రావడానికి. ఈ తప్పును సగానికి తగ్గించాలంటే దించే సార్లు నాలుగింతలు చేయాలి, అంటే 24. డీజిలు, మనుషులు, నీళ్ళు తేటపడే రోజులు అన్నీ చూసుకుంటే ఇది మీ వల్ల అయ్యే పని కాదు.

ఒడ్డున మటుకు రోజూ చేప వస్తూనే ఉంటుంది. 200 చేపల పొడవు కొలిస్తే, వాటి మధ్య తేడాలు 10 సెంటీమీటర్ల మేర ఉన్నా, మీ సగటులో తప్పు సెంటీమీటరు లోపే. ఖర్చు ఒక కొలపలక, ఒక నోటుబుక్కు. పొడవులోనే సముద్రం సంగతి ఉంది. వేట మితిమీరితే ముందు పోయేది పెద్ద చేప. గాలానికి పడే సంఖ్య తగ్గకముందే సగటు పొడవు తగ్గుతుంది.

అయితే ఒడ్డు కూడా మోసం చేస్తుంది. ఒక ఊళ్ళో నెలల తరబడి గ్రూపర్లు కొలిచాను. సగటు నెలనెలా దిగిపోతూ వచ్చింది. కంగారుపడి రిపోర్టు రాయబోతూ, ఎందుకో ఒకరోజు రోజూకన్నా గంట ముందు, ఇంకా చీకటి ఉండగానే వెళ్ళాను. ఫైబర్ బోటు ఇసుకకు తగలకముందే ఐస్ బాక్సు కుర్రాడు మోకాలి లోతు నీళ్ళలోకి నడిచి, బోటు అంచు పట్టుకుని లోపల తడిమి, పెద్ద చేపలన్నీ విడిగా సంచిలో వేసుకుని చెన్నై బండి వైపు వెళ్ళిపోయాడు. తర్వాత మిగిలినది వేలానికి వచ్చింది. నేను ఇన్నాళ్ళూ కొలిచింది అదీ. పైగా ఆ ఏడాది ధర పెరిగేకొద్దీ అతను పక్కకు తీసే చేప బరువు 3 కిలోల నుంచి కిలోన్నరకు దిగింది. నా సగటు తగ్గింది సముద్రంలో కాదు, ఆ ఐస్ బాక్సులో. ఎందుకు చెప్పలేదయ్యా అంటే, ‘పెద్దయి కావాలని మీరు అడగలా గదా సార్? చిన్నయ్యే కొలస్తా ఉంటే అదే మీ పని కామోసు అనుకున్నా’ అన్నాడు.

కాబట్టి ఆ కుర్రాడితో ముందే స్నేహం చేసుకోండి. బోటుకు వచ్చిన ప్రతి గ్రూపర్‌నీ ఏరివేతకు ముందే కొలవాలి. అన్ని బోట్లూ కొలవలేరు, రెండు బోట్లు తీసుకుని వాటివి పూర్తిగా కొలవండి. చేపతో పాటు ఎంతమంది వెళ్ళారు, ఎన్ని గాలాలు, దిబ్బ మీద ఎన్ని గంటలు అన్నది రాయండి. ఖాళీగా తిరిగొచ్చిన రోజు తప్పకుండా రాయండి. మనవాళ్ళు చేప పడని రోజు గురించి మాట్లాడరు, అడిగితేనే చెబుతారు. ఇంకొకటి, చేపలు కోసి శుభ్రం చేసే ఆడవాళ్ళను అడగండి. ఏ నెలలో ఏ చేపలో జన (గుడ్లు) ఉంటుందో, ఎంత చేప నుంచి జన కనబడుతుందో వాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మీరు పది చేపల కడుపులు కోసి చూసే లోపు వాళ్ళు వంద కోస్తారు. ఆ పొడవు మీకు అన్నిటికన్నా ముఖ్యమైన గీత. పట్టిన చేపల్లో నూటికి ఎన్ని ఆ గీత దాటాయన్నదే ఊళ్ళో అందరికీ అర్థమయ్యే లెక్క.

ఇంకొంచెం లోతుకు వెళ్ళాలంటే బెవర్టన్, హోల్ట్ అనే ఇద్దరు 1950ల్లో ఇచ్చిన సూత్రం మీకు కాలేజీలో చెప్పే ఉంటారు. ఆ చేప పెరగగల గరిష్ఠ పొడవులోంచి మీ సగటు తీసేయండి. ఆ సగటులోంచి చేప గాలానికి చిక్కడం మొదలయ్యే పొడవు తీసేయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, పెరుగుదల వేగపు అంకెతో గుణిస్తే ఏడాదికి మొత్తం చావు రేటు వస్తుంది. మాటవరసకు గరిష్ఠం 100 సెంటీమీటర్లు, చిక్కే పొడవు 40, వేగం 0.2 అనుకోండి. సగటు 55 అయితే జవాబు 0.6, అంటే ఏడాది తిరిగేసరికి నూటికి 55 చేపలు మిగులుతాయి. సగటు 50కి దిగితే జవాబు 1, మిగిలేవి 37. జానెడు కూడా లేని 5 సెంటీమీటర్ల తేడాకు ఇంత మార్పు. అందుకే ఐస్ బాక్సు కథ అంత పొడుగ్గా చెప్పాను.

ఈ సూత్రం ఎర్ర స్నాపర్ దగ్గర వాడకండి. దాని పిల్లలు కయ్యల్లో (ఉప్పునీటి పాయల్లో), ఏటి మొగల్లో పెరుగుతాయి, పెద్దవయ్యేకొద్దీ లోతుకు పోతాయి. మీ 8 బారల్లో ఉండేవి మధ్య వయసువే. పెద్దవి లేవంటే చచ్చాయని కాదు, ఊరు మారాయని. లెక్క వేస్తే అనవసరంగా టెన్షన్ పడతారు. గ్రూపర్ దగ్గర ఇంకో మెలిక ఉంది. చాలా గ్రూపర్లు ముందు ఆడవిగా పెరిగి, పెద్దయ్యాక మగవిగా మారతాయి. పెద్దవాటినే ఏరి పట్టేస్తే ఆడవి ఎన్ని మిగిలినా మగవి కరువవుతాయి. సగటు బాగుందని నిశ్చింతగా ఉండకుండా, బాగా పెద్ద చేపలు నూటికి ఎన్ని అన్నది విడిగా చూడండి.

కాకినాడ నుంచో విశాఖ నుంచో వచ్చే జిల్లా లెక్కలు దీనికి సరిపోవా అని అడిగారు. సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు రేవుల్లో శాంపిల్ తీసి వేసే అంచనాలు మంచివే, కానీ అవి తీరం మొత్తానికి. జువ్వలదిన్నె హార్బరులో దిగిన చేప మీ దిబ్బదో, పాతిక మైళ్ళ అవతలిదో వాటిలో కనబడదు. మీ దిబ్బ లెక్క మీరే రాసుకోవాలి.

ఇక ఈ అంకెలతో ఏం చేస్తారన్నది. ఇది లెక్క మొదలుపెట్టకముందే ఊరి సభలో తేల్చండి, తర్వాత కాదు. అంకె వచ్చాక నియమం పెడదామంటే, ఆ అంకె ఎవరికి నచ్చకపోతే వాళ్ళు కొలిచినవాడిని తప్పుపడతారు. వరసగా రెండేళ్ళు పట్టిన గ్రూపర్లలో సగానికి పైగా జన గీత లోపే ఉంటే చిన్న గాలాలు మానేయాలి, మూడో ఏడూ అంతే అయితే దిబ్బలో సగం మూసేయాలి, ఇలా ఏదో ఒకటి ముందే ఒప్పుకోండి. మన రాష్ట్ర 1994 సముద్ర వేట నియంత్రణ చట్టం కింద ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదు. మీ దిబ్బ ఆ లోపలే ఉంటే ట్రాలర్ల మీద ఫిర్యాదుకు అది ఆధారం. కానీ ఏ గాలం, ఎంత చేప అన్న సంగతికి పట్టపు (మత్స్యకారుల) ఊళ్ళలో కాపులు, అంటే ఊరి పెద్దలు, వేసే దురాయి (కట్టుబాటు) పనిచేసినంత ఏ కాగితమూ పనిచేయడం నేను చూడలేదు. అయితే దురాయి పక్క ఊరికి వర్తించదు. మీ దిబ్బ మీదికి వచ్చే పక్క ఊళ్ళ గాలాలవాళ్ళను మొదటి సభకే పిలవండి, రెండో సభకు పిలిస్తే రారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో బోట్లు ఒడ్డునే ఉంటాయి కాబట్టి కొలపలకకు పని లేదు. నిషేధానికి ముందు వారంలో, ముగిసే ముందు వారంలో కెమెరా దించగలిగితే, రెండు నెలలు గాలం పడకపోతే దిబ్బ ఎట్లా ఉంటుందో కనబడుతుంది. ఆ రోజుల్లో బోటు తీయడానికి మత్స్యశాఖ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట మీద వెళ్ళకండి.

కొలపలక సంగతి. మీటరు పొడవు చెక్క, ఒక చివర నిలువు అడ్డు, చేప మూతి దానికి ఆనాలి. మధ్యలో స్టీలు స్కేలు దిగగొట్టించండి, కాగితపు టేపు అంటిస్తే ఉప్పునీళ్ళకు వారంలో ఊడిపోతుంది. చీలిన తోక ఉన్న చేపకు చీలిక దాకా కొలవాలి, గుండ్రటి తోకైతే చివరిదాకా. ఏది ఎట్లా కొలిచారో నోటుబుక్కు మొదటి పేజీలో రాసి పెట్టండి. మీరు లేని రోజు మీ తమ్ముడు కొలుస్తాడు.